శ్రావణికి ఏ పీస్ అనుకున్నావు తమ్ముడూ

నిన్న పొద్దున తమ్ముడు మా ఇంటికి వచ్చాడు.

రోజూ వచ్చేవాడే. గేటు బయట బండి ఆపి, హెల్మెట్ జామకొమ్మకు తగిలించి, మెట్టు మీద కూర్చున్నాడు. నేను లోపల ప్రార్థనలో ఉన్నాను. ముగించి ఆమెన్ అన్నాను. బయటి నుంచి తనూ ఆమెన్ అన్నాడు.

"వినని ప్రార్థనకు ఆమెన్ ఏందిరా?"

"నువ్వు తప్పుడుది అడగవులే అక్కా."

రాత్రి మిగిలిన జొన్నరొట్టె చాయ్‌లో ముంచుకుని తిన్నాడు. కప్పు తనే కడిగి బోర్లించాడు. ఆదివారం పిల్లల పియానో ప్రోగ్రాంకి అన్నీ కుదిరాయట, ఆఖరి పీస్ ఒక్కటే తేలలేదట.

"శ్రావణికి ఏది పెట్టాల్నో సమజైతలేదక్కా."

"ప్రార్థన చెయ్యి. తెలుస్తది."

"అడిగితే దేవుడు నోట్స్ పంపిస్తడా?" అని నవ్వుకుంటూ వెళ్లాడు.

ఆ కప్పు తడి ఆరకముందే మేరీ ఫోన్.

ఇంట్లోనే, క్లాస్ చెప్పే గదిలో పియానో మీద కప్పిన గుడ్డ తీస్తూ పడిపోయాడట. దవాఖానకు తీసుకుపోయేసరికే అయిపోయిందన్నారట.

"ఎవరు?" అని అడిగాను. మేరీ వాడి భార్య. ఇంకెవరి గురించి చెబుతుంది? అయినా మళ్లీ అడిగాను.

ఇప్పటికీ నాకు సరిగ్గా అర్థం కాలేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మా అందరిలో చిన్నవాడు సునీల్. బాన్సువాడలో పిల్లలకు పియానో నేర్పేవాడు. పియానో అంటే హైదరాబాద్ నుంచి తెచ్చిన సెకండ్ హ్యాండ్ డిజిటల్ పియానో. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద నడుస్తుంది.

ఏటా చర్చి హాల్లో పిల్లలతో ఒక ప్రోగ్రాం. అందరికంటే ఎక్కువ భయపడే పిల్లను ఆఖర్న పెట్టేవాడు.

"అందరి తప్పులు ఇన్నంక దాని భయం పోతదక్కా."

మొదటి ఏడు, ఎవరి పిల్లలు వాయించగానే వాళ్లు లేచి వెళ్లిపోయారు. ఆఖరి పిల్ల వాయించేటప్పుడు హాల్లో కుర్చీలే ఉన్నాయి. అప్పటి నుంచి భోజనాలు పెట్టడం మొదలుపెట్టాడు. అదీ ఆఖరి పీస్ అయ్యాకే. ఇక ఎవరూ కదలలేదు.

ఎవరికి ఏ పీస్ అన్నది వాడు పిల్లల్ని అడిగేవాడు కాదు. "చాయ్ పెట్టుకొస్త" అని చెప్పి వంటింట్లోకి వెళ్లేవాడు. నిజంగానే చాయ్ పెట్టేవాడు. పెడుతూ చెవి పియానో వైపే వేసేవాడు. ఒంటరిగా ఉన్న పిల్ల కాసేపటికి ఏదో ఒకటి వాయిస్తుంది. ఆ పిల్లకు అదే పీస్.

"మనం సూస్తుంటే వచ్చింది వాయిస్తరక్కా. పక్కకు పోతే కావల్సింది వాయిస్తరు."

ఆ చాయ్ చాలాసార్లు పొంగిపోయేది. మేరీ తిట్టేది.

ఈ మధ్యాహ్నం సమాధి కార్యక్రమం అయింది. కోటగిరి నుంచి శ్రావణి, వాళ్ల నాన్న షేర్ ఆటోలో వచ్చారు. ఆరో తరగతి పిల్ల. ఏడవలేదు. నా పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగింది.

"పెద్దమ్మా, సార్ నాకు ఏ పీస్ అన్నడు?"

"నీకు చెప్పలేదా?"

"మొదలు వాల్ట్జ్ అన్నడు, గా డ్యాన్స్ ట్యూన్. మొన్న జోలపాట అన్నడు. జోలపాట అల్కగుంటది. నాతోని కాదనుకున్నడా?"

మేరీ విని, "వాల్ట్జే. నాతో వాల్ట్జ్ అనే చెప్పిండు" అంది.

వాళ్ల నాన్న తల గోక్కున్నాడు. "మా అవ్వ పాడే నాట్ల పాట పియానో మీద పెట్టిస్త అన్నడమ్మా నాకైతే."

ముగ్గురికి మూడు. నాతో ఏదీ తేలలేదన్నాడు.

అడుగుదామంటే మనిషి లేడు. ఆ పిల్ల మాత్రం నా వైపే చూస్తోంది. నీతో అవుతుందని వాడు అనుకున్నాడో లేదో నేనెలా చెప్పను? తెలియనిది తెలుసని చెప్పలేను.

సాయంత్రానికి తమ్ముడి ఇంటి నుంచి చుట్టాలు చాలామంది వెళ్లిపోయారు. నేను లేచి పియానో మీది గుడ్డ తీశాను. నిన్న వాడు సగమే తీశాడు.

"కూసో బిడ్డా. మేము చాయ్ పెట్టుకొస్తం" అన్నాను.

"మట్టేసి వచ్చిన పొద్దే పియానో ఏందే?" అంది మా చిన్నమ్మ.

"నువ్వు గూడ రా చిన్నమ్మా. అల్లం దంచుదువు."

అందరం వంటింట్లో నిలబడ్డాం. మేరీ నీళ్లు పెట్టింది. చిన్నమ్మ అల్లం దంచింది.

తర్వాత మొదలైంది. వాల్ట్జ్. కానీ ఎంత మెల్లగా అంటే, పిల్లను నిద్రపుచ్చుతున్నట్టు. ఒకచోట తప్పింది. ఆగింది. వెనక్కి వచ్చి మళ్లీ అందుకుంది.

"గంత మెల్లగ కాదు వదినా అది" అంది మేరీ. ఆ తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చాయ్ పొంగింది. ఎవరం పట్టించుకోలేదు.

వాడు అనుకున్నది ఇదేనా? నాకు తెలియదు. వాడికైనా తెలుసో లేదో. నిన్న ఇంకాస్త టైం దొరికితే, వంటింట్లో నిలబడి వాడూ ఇదే వినేవాడేమో.

ఇంట్లో అందరం కలిసి ఇలా అనుకున్నాం. ప్రోగ్రాం ఆదివారమే, అదే హాల్లో. ఆఖర్న శ్రావణి. వాల్ట్జ్. ఎంత మెల్లగా వాయించినా సరే, మధ్యలో ఎంతసేపు ఆగినా సరే. మీరంతా రండి. భోజనాలు ఆ తర్వాతే.

పోయి రా తమ్ముడూ. ప్రభువు ఒడిలో నీకు విశ్రాంతి దొరకాలని అడుగుతున్నాను.

బయట మెట్టు మీద ఎవరూ లేరు. ఆమెన్ నేనే అంటున్నాను.