రెండు గోడల గిన్నె

శ్రీరామ్మూర్తికి నిప్పంటే భయం. నిప్పంటే పెద్ద మంటలే కానక్కర్లేదు, అగ్గిపుల్ల, గ్యాసు పొయ్యి, కార్తీకమాసం దీపం అన్నీ అందులోకే వస్తాయి. టీ తాగాలనిపిస్తే భార్య తాయారు వచ్చేదాకా గుమ్మంలో కూచుంటాడు. దీపావళి నాడు తలుపులేసుకుని టీవీ శబ్దం పెంచుకుంటాడు. ఈ మనిషి పదహారేళ్ళు ఆటోనగర్‌లో ఓ చిన్న ఫౌండ్రీలో ఇనుము కరిగించాడంటే వీధిలో ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పీడా పోయింది, అసలు సంగతి అడగరు కదా అని అతనూ ఊరుకుంటాడు.

అసలు సంగతి తొమ్మిదేళ్ళ నాటిది. రాత్రంతా వానలో నానిన తుక్కు ఇనుముని ఆరబెట్టకుండానే ఫర్నేస్‌లో వేశారు. కరిగిన ఇనుములో తడి పడితే ఏమవుతుందో ఆ పనిలో చేరిన మొదటిరోజే చెబుతారు. ఇనుము పైకి ఎగిరింది. ఊరి వరసకి బావ అయిన నాగబాబుకి కుడి కన్ను పోయింది, కుడి చెంప నుంచి మోచేయి దాకా కాలిపోయింది. తుక్కు చూసుకోవాల్సిన డ్యూటీ ఆ రోజు నాగబాబుది కాబట్టి తప్పు అతనిదేనని తేల్చేశారు. పాపం, అతనూ, అతని భార్య ధనలక్ష్మీ అదే నమ్మారు. కానీ అతను అటు తిరిగినప్పుడు చివరి బుట్ట వేసింది శ్రీరామ్మూర్తి. ఎవరూ చూడలేదు, అతనూ చెప్పలేదు.

నాగబాబు ఇప్పుడు మధురవాడలో ఆశాజ్యోతి అనే ఆవిడ నడిపే కుండల క్లాసులో కరెంటు బట్టీ చూస్తాడు. కన్ను తీసుకుపోయిన నిప్పు మీద కూడా అలగని మనిషి. ఇంట్లో ముడుచుకు కూచున్న బావని చూడలేక ప్రతి ఆదివారం బస్సెక్కించి క్లాసుకి లాక్కుపోవడం మొదలుపెట్టాడు. నాగబాబు ఏదడిగినా శ్రీరామ్మూర్తి కాదనలేడు. ఎందుకో నాగబాబుకి తెలీదు.

క్లాసులో అందరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల పిల్లలు. వాళ్ళ మధ్య యాభై రెండేళ్ళ శ్రీరామ్మూర్తి చక్రం ముందు కూచుని గ్లాసు నేర్చుకున్నాడు, గిన్నె నేర్చుకున్నాడు, మూత బిగువుగా కూచునే జాడీ నేర్చుకున్నాడు. ఇసుక అచ్చులు కొట్టిన చేతులు కదా, ఏది చేసినా బొటనవేలంత మందం వచ్చేది. మీ గిన్నెలు హార్బర్‌లో లంగరుకి పనికొస్తాయని ఆశాజ్యోతి ఆట పట్టించేది. తర్వాత గ్లేజు వేయడం. బకెట్‌లో మజ్జిగలాంటి ద్రావణం, అందులో కాల్చిన గిన్నెని ముంచి మూడు లెక్కపెట్టి తీయాలి, అడుగున తుడిచెయ్యాలి, లేకపోతే బట్టీలో పలకకి అతుక్కుపోతుంది. మళ్ళీ కాల్చాక అది ఆకుపచ్చ గాజై మెరిసింది. శ్రీరామ్మూర్తి గోరుతో గీకి చూసి పకపకా నవ్వాడు. ఇనుము మీద తేలే చిట్టెం కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. పదహారేళ్ళు దాన్ని తోడి పారబోశాడు, ఇక్కడేమో కావాలని పూసి షోకేసులో పెడుతున్నారు. బావ నవ్వాడని నాగబాబు బస్సులో కండక్టరుకి కూడా చెప్పాడు.

ఆ తర్వాత రెండు గోడల గిన్నె వచ్చింది. లోపలో గోడ, బయటో గోడ, మధ్యలో బోలు. తేమ పోవడానికి అడుగున సూదితో బెజ్జం పెట్టాలి. శ్రీరామ్మూర్తి పెట్టాడు. కానీ గోడలు మామూలుగానే మందం, పైగా వారమంతా ముసురు.

మరుసటి ఆదివారం ఆశాజ్యోతి ఊళ్ళో లేదు. పచ్చి కుండలన్నీ బట్టీలో సర్దుతూ నాగబాబు, నీ గిన్నె ఆరిందా అని బావని అడిగాడు. శ్రీరామ్మూర్తి గిన్నెని చెంపకి ఆనించి చూశాడు. చల్లగా తగిలింది. చల్లగా తగిలిందంటే మట్టిలో ఇంకా తడి ఉన్నట్టే. కానీ పిల్లలందరూ తమ కుండల కోసం వాట్సాప్‌లో తొందర పెడుతున్నారు, తన ఒక్కడి కోసం ఆపమనడం ఏం బాగుంటుంది? ఆరిందని తలూపాడు.

మూత పడింది. స్విచ్చి పడింది. వేడెక్కుతున్న బట్టీ టిక్కుటిక్కుమనడం మొదలైంది. పేలితే పక్కన నాలుగు కుండలు పగులుతాయి, అంతేగా అని శ్రీరామ్మూర్తి సర్దిచెప్పుకున్నాడు. ఆవిరి పోవడానికి బట్టీ పక్కన రూపాయి బిళ్ళంత కన్నం తెరిచి ఉంచుతారు. నాగబాబు అలవాటుగా వంగి, ఉన్న ఒక్క కన్నూ ఆ కన్నం దగ్గర పెట్టాడు.

శ్రీరామ్మూర్తి బావని ఒక్క తోపు తోసి స్విచ్చి ఆపేశాడు.

"ఏటి బావా, ఏటి సేత్తన్నావ్?"

"నా గిన్నె ఆర్లేదు. తెలిసే ఆరిందన్నాను."

దీనికింత కంగారేటని నాగబాబు నవ్వాడు. ఇక్కడితో ఆగితే సరిపోయేది. కానీ శ్రీరామ్మూర్తి ఆగలేకపోయాడు.

"ఆ రోజు కూడా అంతే. సివరి బుట్ట నానే ఏసాను. తడని తెల్సు."

నాగబాబు మొహంలో నవ్వు కాసేపు అలాగే ఉండి, పోయింది. మూత ఎత్తి, ఇంకా వేడి పట్టని గిన్నెని బయటికి తీశాడు. కుడి చెంపకి ఆనించాడు. కాలిన చర్మానికి ఏమీ తెలియలేదు. ఎడమ చెంపకి ఆనించి చాలాసేపు ఉంచాడు. తర్వాత జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

"నీ అజాగర్త వల్లే మన బతుకులు కాలిపోనాయని ధనలక్ష్మి తొమ్మిదేళ్ళుగా నన్ను అంతాంది. అవునే, నాదే తప్పు అంతన్నాను," అన్నాడు. "సాయంత్రం ఇంటికి రా. దానికి నువ్వే సెప్పు."

మళ్ళీ స్విచ్చి వేసి, బట్టీ ముందు స్టూలు మీద కూచున్నాడు. సాయంత్రం బస్సులో పక్కపక్కనే కూచున్నారు.

నాగబాబు ఇంట్లో ధనలక్ష్మి పొయ్యి దగ్గరుంది. శ్రీరామ్మూర్తిని చూడగానే ఎప్పటిలాగే మొహం విప్పారింది. "రా అన్నియ్యా, కూకో. టీ ఎడతాను," అంటూ అగ్గిపుల్ల గీసింది. ఆమె వేళ్ళ మధ్య మంట వెలుగుతోంది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి శ్రీరామ్మూర్తికి మంటని చూస్తే ఏమీ అనిపించలేదు. ఆమె మొహంలోకి చూడాలంటేనే భయమేసింది.