కొలత తీసుకోని గేరు

మెకానిక్ కియోంగ్ చేతులు గేరు పెట్టె గొంతులో ఉన్నాయి. చిరిగిన రబ్బరు తొడుగు లాగి పక్కన పడేసి, గేరు రాడ్డు కాలు కూర్చునే గిన్నెని వేలితో తడిమాడు. అడుగున ఆ కాలుకి తొడుగులా ఉండాల్సిన నైలాన్ బుష్ అరిగి పగిలింది. నూనె ఉండాల్సిన చోట నల్లటి బంక. గుడ్డ చుట్టిన వేలితో దాన్ని తోడుతూనే కాలు ఆడిస్తున్నాడు. ఆ మనిషి పని చేస్తున్నా ఏదో ఒకటి కదులుతూనే ఉంటుంది. పొద్దున కొన్న టీ, ప్లాస్టిక్ సంచిలో, కారు అద్దానికి వేలాడుతూ చల్లారిపోయింది.

కారు రమ్లాది. రెండు సీట్లది, ఎర్రది, పాతది. ఆమె ఈపో ఊళ్లో పెళ్లిబట్టలు కుడుతుంది. ఆదివారం పొద్దున్నే టాపు తీసేసి సింపాంగ్ పులాయి కొండెక్కడం, పైన టీ తాగి దిగిరావడం ఆమె అలవాటు. ఏళ్ల తరబడి కత్తెర కింద గుడ్డని నొక్కిపట్టి ఎడమ బొటనవేలి కీలు అరిగింది. పోయిన నెల దిగుతుంటే మలుపులో గేరు పడలేదు. బండి రోడ్డంచు దాకా వెళ్లి ఆగింది. పక్కన కూర్చున్న తమ్ముడు షాహ్రిల్ హడలిపోయాడు. తర్వాత వెళ్లి ఆమెకి గేర్లు మార్చే పనిలేని బండి ఒకటి బేరం మాట్లాడి వచ్చాడు.

రమ్లా తమ్ముడితో పందెం వేసింది. శనివారం నువ్వే పక్కన కూర్చో, ఒక్క గేరు తప్పినా, స్టీరింగ్ మీంచి కుడిచెయ్యి ఒక్కసారి తీసినా బండి తీసుకెళ్లి అమ్ముకో అంది. అన్నాక భయపడి నేరుగా కియోంగ్ దగ్గరికి వచ్చింది.

కియోంగ్ దగ్గరికి ఎవరొచ్చినా ఒక్కదాని కోసమే వస్తారు. పొట్టి రాడ్డు. లేత్ యంత్రం మీద తనే చేసుకున్న పని, ఎవరూ నేర్పలేదు. చెయ్యి ఇలా అంటే గేరు అలా, టక్కుమని పడుతుంది. కోలాలంపూర్ కుర్రాళ్లు కూడా వస్తారు. అందుకని బుష్ మార్చి, కొత్త నూనె పోసి, అలవాటుగా పొట్టి రాడ్డే దింపాడు.

రమ్లా వీధి చుట్టూ ఒక చుట్టు తిరిగొచ్చింది. బాగుందంది. డబ్బులివ్వబోయింది. కియోంగ్ తీసుకోలేదు. బండి షెడ్డులోకి తిరిగేటప్పుడే ఆమె కుడిచెయ్యి స్టీరింగ్ వదిలి, ఒంటికి అడ్డంగా వచ్చి రెండో గేరుని తొయ్యడం చూశాడు. బండి ఇక్కడే ఉంచి రేపు రమ్మన్నాడు.

ఆమె వెళ్లాక అతనికి కాలు నిలవలేదు. ఇంకో కారు బానెట్ తెరిచి, చూడకుండానే మూసేశాడు. నూడుల్స్ నిలబడే తిన్నాడు, సగం వదిలేశాడు. పక్కన టైర్ల కొట్టు సెల్వం, అరికాళ్లకి దురద పట్టిందా ఏంటి, ఒక్కచోట నిలబడవు అన్నాడు. కియోంగ్ మనసంతా రాడ్డు మీదే ఉంది. రాడ్డు పొట్టిదయితే చెయ్యి ఎక్కువ నొక్కాలి. జాకీ పిడి పట్టిన ఎవడికైనా తెలిసిందే. కుర్రాళ్ల చేతులకి ఆ బరువు మజా. కీలు అరిగిన వేలికి?

నల్ల టేపు తీసి, ఎడమ బొటనవేలిని అరచేతికి అంటించి గట్టిగా చుట్టేశాడు. రమ్లా కారే తీసుకుని కొండ మొదటి మలుపుల దాకా వెళ్లొచ్చాడు. వచ్చేసరికి మణికట్టు మండుతోంది.

మర్నాడు రమ్లా రాగానే టేపు చుట్టిన చెయ్యి చూపించాడు.

"బాగోలేదని ఎందుకు చెప్పలేదక్కా?"

"ఊరంతా మెచ్చుకునేది నాకొక్కదానికే బాగోలేదంటే తప్పు నాదేమో అనుకున్నా." ఆమె ఆ టేపు వంక చూసింది. "కొలత తీసుకోకుండా గుడ్డ కత్తిరించావు కియోంగ్. నా కొట్లో అలా చేస్తే మళ్లీ ఒక్కరూ గుమ్మం ఎక్కరు."

"సరే, ఇప్పుడు తీసుకుంటా. కూర్చో."

ఆమెని సీట్లో కూర్చోబెట్టి, చెయ్యి ఎక్కడ పడుతుందో, బొటనవేలు లేకుండా ఏ భాగం తొయ్యగలదో చూశాడు. అరచేతి మొదలు, చిటికెన వేలి కింద కండ. ఇనప కడ్డీ లేత్‌కి ఎక్కించి ఈసారి పొడుగు రాడ్డు తీశాడు. కారుతో వచ్చినదానికన్నా పొడుగు. దాని మీదకి ఇత్తడి పిడి. గుండ్రంగా కాదు, పుట్టగొడుగులా వెడల్పుగా, బరువుగా. కదలడం మొదలెడితే ఆ బరువే గేరుని మిగతా దూరం లాక్కెళ్లాలి.

సెల్వం వచ్చి చూసి నవ్వాడు. "కియోంగ్ పొట్టి రాడ్డు పోయి లారీ రాడ్డు వచ్చిందా? కుర్రాళ్లు చూస్తే నీ బోర్డు పీకేస్తారు."

"పీకనీ. బోర్డు బరువుగానే ఉంది, నువ్వూ ఓ చెయ్యి వేద్దువుగాని."

రమ్లా ఆ పిడిని గుడ్డ నాణ్యం చూసినట్టు తడిమింది. సంచిలోంచి దర్జీ సుద్ద తీసి ఇత్తడి మీద గీత గీసింది. ఇక్కడ అంచు గుచ్చుకుంటోంది, ఇక్కడ పల్లంగా ఉండాలి. అతను అరగదీశాడు, ఆమె మళ్లీ గీసింది. మధ్యాహ్నం దాకా అదే పని. ఎండకి ఇత్తడి కాలుతుందని ఆమే దానికి మెత్తటి తోలు టోపీ కుట్టింది.

శనివారం షాహ్రిల్ షెడ్డుకే వచ్చాడు. పొడుగు రాడ్డు చూసి, కొట్టు యజమానుల్ని పిలిచే పిలుపుతో, ఇదేంటి తౌకే, బస్సా అన్నాడు. రమ్లా బండి తీసింది. కొండమీద మబ్బు కమ్ముతోంది. కియోంగ్ షెడ్డు ముందు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. వాన మొదలైంది. స్పానర్లు తుడిచాడు, తుడిచినవే మళ్లీ తుడిచాడు. బుష్ సరిగ్గా కూర్చుందా? పిడి కింద నట్టు బిగించానా? బిగించాడు. తెలుసు. అయినా రోడ్డు మీదకెళ్లి చూసొచ్చాడు.

వాన తగ్గాక, టాపు వేసి ఉన్న ఎర్ర కారు మూలమీద కనిపించింది. మూడు నించి రెండుకి దిగుతున్న చప్పుడు కియోంగ్‌కి తెలిసింది. గరగర లేదు. లోపలికి తిరిగేటప్పుడు రమ్లా కుడిచెయ్యి స్టీరింగ్ మీదే ఉంది.

షాహ్రిల్ ముందు దిగాడు. కాసేపు ఆ తోలు టోపీ వంకే చూశాడు.

"మలుపులన్నీ లెక్కపెట్టా," అన్నాడు. "ఒక్క గేరైనా తప్పుతుందేమోనని." తర్వాత ఫోన్ తీసి, తను బేరం మాట్లాడిన బండి ఇక వద్దని ఎవరికో చెబుతూ సెల్వం టైర్ల దాకా నడిచాడు.

కియోంగ్ నేల మీద పడుకుని గేరు పెట్టె కింద దీపం పెట్టి చూశాడు. నూనె చెమ్మ లేదు. నట్టుకి వేలు ఆనించాడు, కదల్లేదు. లేచి, మసి అంటిన చేతులు గుడ్డకి తుడుచుకుని, తాళం కుడిచేత్తో ఆమెకి అందించాడు.

"కొలత సరిపోయిందా అక్కా?"

"చంకలో కొంచెం బిగువు," అంది రమ్లా, తన కొట్టుకొచ్చే వాళ్ల గొంతుతో. నవ్వింది. తాళం పెట్టి, అరచేతి మొదలుతో రివర్సు వేసి, బండి వెనక్కి తీసుకుని వెళ్లిపోయింది.