నిలబడితే మర్యాద కాదండి

అది 2006. రాజమండ్రిలో ఒక మేడ మీద మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. నిడదవోలు దగ్గర రైస్ మిల్లుకి లారీల లోడింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. దాళ్వా, అంటే రెండో పంట ధాన్యం దిగేలోపు అందించకపోతే ఆ మిల్లు చేజారిపోతుంది. వేరే కస్టమర్ లేడు, కాబట్టి ఆఫీసుకి తాళమే.

టీమ్ లీడర్‌గా నేను బెంగళూరులో నేర్చుకొచ్చిన ఎజైల్ పద్ధతి పెట్టాను. అంటే పనిని చిన్న ముక్కలు చేసి, ఎప్పటికప్పుడు చూపించి సరిచేసుకోవడం. అందులో స్టాండప్ ముఖ్యం. పొద్దున్నే అందరూ నిలబడి నిన్నేం చేశారో, ఇవాళేం చేస్తారో, ఎక్కడ ఆగిందో చెప్పాలి. కాళ్ళు లాగుతాయి కాబట్టి సోది ఉండదు.

వారం తిరక్కుండానే టీమ్‌లో అందరికన్నా చిన్నదైన సుజాత, మా సీనియర్ ప్రోగ్రామర్ సూర్యనారాయణ గారికి కుర్చీ లాగింది.

"అయ్యో, పెద్దవారు, నిలబడ్డారేంటండి!"

"మీరంతా నిలబడితే నేను కూర్చోవడమేంటమ్మా?" అన్నారాయన.

అంతే, అందరికీ కుర్చీలొచ్చాయి. కుర్చీల వెనక కాఫీలు, కాఫీల వెనక జంతికలు. స్టాండప్ కాస్తా పెళ్ళివారి విడిదిల్లయింది. ఎక్కడైనా ఆగిందా అంటే "అబ్బే, అయిపోయినట్టేనండి" అనేవారు సూర్యనారాయణ గారు. ఆ 'నట్టే' వింటే నాకు ఒళ్ళు మండేది.

ఓ పొద్దున సరిగ్గా ఆ టైముకే మిల్లు యజమాని భాస్కర్రావు గారు దిగారు. కుర్చీ వేశాం.

"వద్దమ్మా, నడుం పట్టేసింది. కూర్చుంటే లేవలేను. మీరు కానివ్వండి" అని గోడకి ఆనుకున్నారు.

ఆయన నిలబడితే మేం కూర్చుంటామా? అందరం లేచాం. కాసేపటికే కాళ్ళు మార్చుకుంటూ సూర్యనారాయణ గారు మామూలుగా "అయిపోయినట్టేనండి" అన్నారు.

"అయిందా, అయినట్టా? లారీ లోడైనట్టే అంటే నేను డ్రైవర్ని పంపనండి" అన్నారు భాస్కర్రావు గారు.

సూర్యనారాయణ గారు ఇక దాచలేదు. "కాటా దగ్గర ఆగిందండి. కాటా మీద ఒక తూకం, బిల్లులో ఇంకోటి పడుతోంది. చెబితే మేడంగారు నొచ్చుకుంటారని..." అంటూ నావైపు చూశారు.

"కాటా కోడ్ నేను మార్చానండీ! ఇంకా పాతదే వాడుతున్నారా? అడిగితే ఇద్దును కదా!" అంది సుజాత.

ఇద్దరివీ పక్కపక్క బల్లలే! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. భోజనాల వేళకి అది సరైంది, కోతల ముందే మిల్లుకి అందించాం. మన దగ్గర ఏ కొత్త పద్ధతైనా మర్యాదతో తలపడితే ఓడిపోతుందని, దాన్ని మర్యాద పక్కన చేర్చాల్సిందేనని అప్పుడే తెలిసింది.

అందుకే మిల్లు తర్వాతి పనికి వారానికోసారి స్టాండప్‌కి రమ్మని భాస్కర్రావు గారిని బతిమాలాను.

"వస్తాను గానీ, నడుం నొప్పి తగ్గిపోయిందమ్మా" అన్నారాయన.

"మీకు పుణ్యముంటుందండి, మావాళ్ళకి మాత్రం చెప్పకండి" అన్నాను.