ఎవరి సందు వాళ్ళది

మా ఆయన వెర్లిన్ బోస్మా ఏ మనిషినైనా కాళ్ళ దగ్గర్నుంచి చూడటం మొదలుపెట్టేవాడు. చూపు మొహం దాకా వచ్చేసరికి ఒక్కోసారి ఆ మనిషి మాట ముగించి వెళ్ళిపోయేవాడు కూడా. పెళ్ళయిన కొత్తలో ఒక ఆదివారం, చర్చిలో ప్రసంగం మొదలై, మా చర్చి ఆనవాయితీ ప్రకారం బెంచీ పొడవునా పిప్పరమెంట్లు చేతులు మారుతుంటే, నా చెవి దగ్గరికి వంగాడు.

"పాస్టరు గారు బరువంతా మడమల మీద వేసి నిలబడ్డారు. ఎవరైనా కాస్త తోస్తే వెల్లకిలా పడతారు."

"ష్! ఆయన్నెవరు తోస్తారు?"

"తోస్తారని కాదు జోయెస్. తోస్తే."

ఆ రోజు ప్రసంగం దేని గురించో ఇప్పుడు గుర్తులేదు. పాస్టరు గారి మడమలు మాత్రం బాగా గుర్తున్నాయి.

వెర్లిన్ పుట్టిందీ పెరిగిందీ అయోవాలో ఈ వాయవ్య మూలనే. మా ఊరి కాలేజీలోనే ఫుట్‌బాల్ ఆడాడు, బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే మా అమెరికా ఫుట్‌బాల్. మోకాలు విరిగి ఆట ఆగిపోతే, మైదానం మాత్రం వదల్లేక అక్కడే చిన్న కోచ్‌గా ఉండిపోయాడు. పొద్దున మా కొట్టంలో పందులు, మధ్యాహ్నం మైదానంలో కుర్రాళ్ళు. ఇంటికొచ్చేసరికి ఏ వాసన ఎవరిదో చెప్పడం కష్టంగా ఉండేది. అతని పనల్లా ఒక్కటే: ఎదుటి జట్టువాడు బంతిని చంకలో పెట్టుకుని మన లైను మధ్య నుంచి దూసుకుపోకుండా ఆపడం. బరువైన కుర్రాళ్ళు వరసగా నిలబడతారు. ఒక్కొక్కడికీ ఒక్కో సందు అప్పగిస్తారు. ఆ సందులోంచి ఎవడూ పోకూడదు. చెప్పడానికి ఇంతే.

తొంభైల మధ్యలో ఒక శరత్కాలం, మా లైనుకు చిల్లులు పడ్డాయి. ఆడిన ప్రతి ఆటా ఓడిపోయాం. ప్రతిసారీ అవతలివాళ్ళు మధ్యలోంచే నడిచి వెళ్ళిపోయారు. ధాన్యం గోదాం దగ్గర కాఫీ తాగేవాళ్ళకు మంచి కాలక్షేపం దొరికింది.

"ఏం వెర్లిన్, మీవాళ్ళ మధ్య నుంచి నా కోత మిషన్ పడుతుందా?"

"మిషనేంటి, వెనకాల ట్రాలీ కూడా తగిలించుకుని పో!"

వెర్లిన్ వాళ్ళతోపాటే నవ్వి, కాఫీ సగంలో వదిలేసి వచ్చేసేవాడు.

ఒక ఆదివారం చర్చి అయ్యాక పెద్ద కోచ్ కర్టిస్ మౌ మా ఇంటికి వచ్చాడు. కేకు తిన్నాడు, వానల గురించి మాట్లాడాడు, మళ్ళీ కేకు తిన్నాడు. చివరికి గొంతు సవరించుకున్నాడు.

"వెర్లిన్, పాత విద్యార్థులంతా వచ్చే హోమ్‌కమింగ్ ఆట దాకా చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే లైనును మిన్నెసోటా నుంచి వచ్చిన ఆ కుర్ర కోచ్‌కి ఇస్తాను. నువ్వు సామాన్లు చూసుకుందువుగాని. హెల్మెట్లూ అవీ."

వెర్లిన్ కేకు పళ్ళెం ఆయన ముందుకు జరిపాడు. కర్టిస్ కారు మలుపు తిరిగాక మాత్రం అడిగాడు, "జోయెస్, హెల్మెట్లు ఎలా లెక్కపెడతారో నీకేమైనా తెలుసా?" నవ్వించాలనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆ కుర్రాళ్ళు లేకపోతే ఈయన ఏమైపోతాడో నాకు తెలుసు.

ఆ వారం టీవీలో పాత ఆటల టేపులు వెనక్కీ ముందుకీ తిప్పి చూస్తూనే ఉన్నాడు. తప్పు త్వరగానే దొరికింది. కుర్రాళ్ళు బద్ధకస్తులు కారు, పిరికివాళ్ళూ కారు. ఎడమ పక్కన ఒకడు ఇబ్బందిలో పడితే అందరూ ఎడమ పక్కకు పరుగెత్తుతున్నారు. వాళ్ళు వదిలి వచ్చిన సందుల్లోంచి బంతి హాయిగా పోతోంది. అందరికంటే ముందు పరుగెత్తేది ట్రెంట్. మాకు రెండు మైళ్ళ అవతల పొలం వాళ్ళది.

తప్పు దొరికింది గాని దిద్దడం ఎలా? మా వైపు కోతల రోజుల్లో ఒక రైతు మంచాన పడితే, చుట్టుపక్కల వాళ్ళంతా తమ చేలు వదిలేసి మిషన్లు తోలుకొచ్చి అతని చేను కోసిపెట్టి పోతారు. థాంక్స్ చెబితే నొచ్చుకుంటారు.

"ట్రెంట్‌కి వాళ్ళమ్మ పాలతోపాటు పట్టించింది కదా ఆ బుద్ధి," అన్నాడు వెర్లిన్. "పక్కవాడు పడిపోతున్నా నీ చోటు వదలకురా అని ఏ నోటితో చెప్పను?"

చెప్పి చూశాడు. అరిచాడు కూడా. ట్రెంట్ తల వంచుకుని "సరే కోచ్" అనేవాడు. మళ్ళీ పరుగెత్తేవాడు.

ఆ గురువారం పందుల లారీ రావాలి. మా పనివాడికి జ్వరం. వెర్లిన్ లైనులోని కుర్రాళ్ళను పిక్కప్‌లో ఎక్కించుకొచ్చి, తలా ఒక ప్లాస్టిక్ పలక ఇచ్చాడు. పందుల్ని తోలేటప్పుడు మోకాళ్ళ ముందు అడ్డం పెట్టుకునేది. కొట్టంలోంచి లారీ దాకా రెండు వైపులా నిలబెట్టాడు. వాళ్ళలో ఎఫ్రెన్ అనే కుర్రాడిది ఫీనిక్స్ మహానగరం. తలుపులో పట్టనంత మనిషి. పందిని అప్పటిదాకా పళ్ళెంలోనే చూశాడు.

"కోచ్, ఇవి కరుస్తాయా?"

"నువ్వు కరవకపోతే అవీ కరవవు."

పందులు బయటికొచ్చాయి. మొదటిది నేరుగా ఎఫ్రెన్ ముందుకు వెళ్ళి ఆగి, పైకి చూసింది. ఎఫ్రెన్ కిందికి చూశాడు. ఇద్దరికీ కదలిక లేదు. అవతలి వైపు నుంచి ట్రెంట్ అది చూశాడు. "ఆగరా, వస్తున్నా!" అంటూ పలకతో సహా ఒక్క ఉరుకు ఉరికాడు. వాడి వెనకే మిగతావాళ్ళు.

ఆ తర్వాత జరిగింది నేను క్యాబేజీ మడిలో నిలబడి చూశాను. ఎక్కువసేపు కాదు, మడి పోయేదాకా. ట్రెంట్ వదిలిన చోటు నుంచి పందులు వరసగా, తొందర లేకుండా, చర్చి నుంచి బయటికొచ్చే పెద్దమనుషుల్లా నడిచి వచ్చాయి. కొన్ని నా క్యాబేజీల్లోకి, కొన్ని రోడ్డు మీదికి. ఒకటి తీగ మీద ఆరేసిన మా దుప్పటి తగిలించుకుని పెళ్ళికూతురిలా సోయాబీన్ చేలో దిగింది. దాని వెనక ముగ్గురు లైనువాళ్ళు.

"వెర్లిన్! నా క్యాబేజీలు!" అని అరిచాను.

వెర్లిన్ దాణా బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని ఉన్నాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు. ఊపిరందక, మోకాళ్ళు పట్టుకుని నవ్వుతున్నాడు. పందులన్నీ దొరికి లారీ కదిలాక, బురద బొమ్మల్లా ఉన్న కుర్రాళ్ళను చుట్టూ కూర్చోబెట్టుకున్నాడు.

"ట్రెంట్, ఎఫ్రెన్ పక్క నుంచి ఎన్ని పోయాయిరా?"

"ఒక్కటీ పోలేదు కోచ్."

"నీ పక్క నుంచి?"

"...అన్నీ."

"అప్పుడు నువ్వెక్కడున్నావు?"

"ఎఫ్రెన్‌కి సాయానికి వెళ్ళా."

"వాడు పిలిచాడా?"

"నేను పిలవలేదు కోచ్," అన్నాడు ఎఫ్రెన్. "పిలుద్దామనుకున్నా. నోరు పెగల్లేదు. కాళ్ళు రాలేదు. లేకపోతే నేనే ముందు పారిపోయేవాణ్ణి."

అందరూ పడీపడీ నవ్వారు. నవ్వు తగ్గాక వెర్లిన్ ట్రెంట్ భుజం మీద చెయ్యి వేశాడు. "నీ చోట నువ్వు నిలబడి ఉంటే ఆ పంది విసుగొచ్చి లారీ వైపే తిరిగేది. నువ్వు వాడికి చేయగలిగిన సాయం అదేరా. కదలకుండా చెయ్యాల్సిన సాయం." ట్రెంట్ చాలాసేపు తన బూట్ల వైపు చూశాడు. ఈసారి "సరే కోచ్" అనలేదు. అది మంచి గుర్తు అన్నాడు మా ఆయన.

మర్నాటి నుంచి పలకలు ప్రాక్టీసుకు వెళ్ళాయి. కుర్రాళ్ళు వాటిని పట్టుకుని ఎవరి సందులో వాళ్ళు నిలబడేవాళ్ళు. కర్టిస్ ముక్కు మూసుకుని వచ్చాడట.

"అవి కడిగావా వెర్లిన్?"

"కడిగితే మర్చిపోతారు."

హోమ్‌కమింగ్ నాడు గాలి కోసేస్తోంది. ఊరంతా దుప్పట్లు కప్పుకుని మైదానం మెట్ల మీద ఉంది. వచ్చింది పక్క జిల్లా జట్టు. బంతి విసరడం వాళ్ళకు పెద్దగా రాదు, పరుగెత్తడమే. ఆ రోజు పరుగెత్తిన ప్రతిసారీ ఏదో ఒక గోడకు తగిలారు. చివరికి మేం కొద్దిగా ముందున్నాం. వాళ్ళు మా గోల్ గీత ముంగిట్లో ఉన్నారు. వాళ్ళకు ఇంకొక్క అవకాశం. ఆ గీత దాటితే ఆట వాళ్ళది, లైను మిన్నెసోటా కుర్రాడిది.

బంతి కదిలింది. వాళ్ళంతా ఎడమ వైపు విరుచుకుపడ్డారు. ఇద్దరు కలిసి ఎఫ్రెన్‌ను తోశారు. అంత మనిషీ కేక పెట్టి కూలాడు. ట్రెంట్ అటు వంగాడు. ఒక కాలు లేచింది. నా పక్కన వాళ్ళమ్మ "వద్దురా నాన్నా, వద్దు" అంటూ నా మోచెయ్యి నలిపేసింది. కన్నకొడుకు పక్కవాడికి సాయానికి వెళ్ళకూడదని ఆమె కోరుకోవడం బహుశా అదే మొదటిసారి. కాలు దిగింది. లేచిన చోటే దిగింది. అంతలో బంతి పట్టుకున్నవాడు ఎడమ నుంచి గిర్రున తిరిగి, ఎప్పుడూ ఖాళీగా ఉండే ఆ సందు కోసం వచ్చాడు. సందులో ట్రెంట్ ఉన్నాడు.

ఆ చప్పుడు మెట్ల పైవరస దాకా వినిపించింది. నేను ముందువరసలోని ఎవరి టోపీనో పీకి గాల్లోకి విసిరేశాను. ఎవరిదో ఇప్పటికీ తెలియదు.

జనం తగ్గాక కర్టిస్ వచ్చి చెయ్యి కలిపాడు. "సోమవారం మూడింటికి రా. నీ లైను ఇంకా మడమల మీదే ఉంది." మా ఆయన మొహం చూడాలి అప్పుడు.

ఆ తర్వాత మోకాలు పూర్తిగా మొరాయించేదాకా, చాలా ఏళ్ళు, లైను ఆయనదే. మొన్న ఫిబ్రవరిలో పోయాడు. మిగిలిన చలికాలమంతా నేను ఇంట్లో ఏ గదిలో కూర్చున్నా తిరిగి తిరిగి ఆ సాయంత్రం దగ్గరికే వెళ్ళేదాన్ని.

ఆట గెలిచి పిక్కప్‌లో ఇంటికి బయల్దేరాం. ఊరు దాటి కంకర రోడ్డు ఎక్కగానే ఉన్నట్టుండి చర్చి కీర్తన అందుకున్నాడు, గొంతెత్తి. ఆయనకు రాగం ఏనాడూ లొంగలేదు. నేనూ కలిశాను. మా ఇల్లు వచ్చింది. ఇల్లు వెనక్కి పోయింది.

"వెర్లిన్, ఇల్లు దాటిపోయింది!"

"తెలుసు. ఇంకా రెండు చరణాలున్నాయి," అని, మా పొలాల చుట్టూ నాలుగు వైపులా రోడ్లున్న ఆ మైలు చదరమంతా మళ్ళీ ఒక చుట్టు తిప్పాడు.