ముప్పై నాలుగుకీ ముప్పై ఐదుకీ నడుమ

మా జయరావు సారుకు ఒకటే జబ్బు. ఎక్కడ రెండు కనిపించినా ఆ రెంటి నడుమ ఇంకోటి ఉందేమోనని అడగాలి. అడక్కపోతే ఆయనకు అన్నం సయించదు.

సత్యవేడులో మా ప్రైవేటు హైస్కూల్లో ఆయన ఇరవై రెండేళ్లుగా లెక్కల సారు. పరీక్షల ఇన్‌ఛార్జి కూడా ఆయనే. నా పేరు నాగవేణి, కంప్యూటర్ టీచర్ని. స్టాఫ్ రూములో నా కుర్చీ ఆయన పక్కనే. అందుకని ఆ జబ్బు గురించి ఆయన భార్య ఆనందమ్మగారి కన్నా నాకే ఎక్కువ తెలుసు.

ఒకరోజు టీ తెచ్చే గోవిందు అడిగాడు. "సార్, చక్కెర ఏసిందా, ఏయందా?"

"రెంటికీ నడుమ ఏమీ లేదాప్పా?"

గోవిందు కాసేపు ఆలోచించి, "చక్కెర ఏసి కలపకుండా ఇస్తా సార్. పైన ఉండదు, అడుగున ఉంటాది" అన్నాడు. ఆరోజు నుంచి సారు కలపని టీయే తాగుతున్నారు.

తిరుపతి బస్సులో కండక్టరు ముందు సీట్లు ఆడోళ్లకు, ఎనక సీట్లు మొగోళ్లకు అన్నాడట. "నడుమ సీటు ఎవరిదప్పా?" అన్నారట ఈయన. "ఎవరిదో ఒకరిది, కూర్చో సార్, నా పానం తియ్యొద్దు" అన్నాడట కండక్టరు. ఎవరిదో తేలని సీట్లో ఎట్లా కూర్చునేదని సారు రెండు గంటలూ నిలబడే వెళ్లారు.

ఇట్లాంటి మనిషి చేతికి పోయిన మార్చిలో స్కూలు సాఫ్ట్‌వేర్ వచ్చింది.

మార్కులు ఎక్కిస్తే చాలు, గ్రేడ్లు అదే వేసి ప్రోగ్రెస్ కార్డులు అచ్చు తీసి ఇస్తుందని కంపెనీ వాళ్లు చెప్పారు. ముందుగా ఏ మార్కులకు ఏ గ్రేడో మనమే దానికి నేర్పించాలి. నేను వరసగా కొట్టుకుంటూ పోయాను. తొంభై ఒకటి నుంచి నూరు దాకా ఏ1. ఎనభై ఒకటి నుంచి తొంభై దాకా ఏ2. అట్లా దిగుతూ దిగుతూ, ముప్పై ఐదు నుంచి నలభై దాకా డీ1, సున్నా నుంచి ముప్పై నాలుగు దాకా డీ2. సేవ్ నొక్కబోతుంటే పక్క కుర్చీ కిర్రుమంది.

"అమ్మా నాగవేణీ, ముప్పై నాలుగున్నర యాడ కూర్చుంటాడమ్మా?"

"సార్, మార్కుల్లో అరలుండవు."

"నాలుగు పరీక్షల సగటు తీస్తే?"

ఆయన నోరు మూయించాలని 34.6 కొట్టి చూపించాను. తెర మీద గ్రేడు గడి ఖాళీగా వచ్చింది. అచ్చు తీసినా ఖాళీయే. సారు ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. "ఏడాదంతా బడికొచ్చిన బిడ్డకు గడి లేదే" అన్నారు.

కంపెనీకి ఫోన్ చేశాను. సునీల్‌కుమార్ అనే అతను ఎత్తాడు. "రెండు ఆప్షన్లున్నాయి మేడమ్. దశాంశాన్ని వదిలెయ్యొచ్చు, లేదంటే దగ్గరి అంకెకు మార్చొచ్చు."

సారు ఫోన్ లాక్కున్నారు. "ఆ రెంటికీ నడుమ ఇంకోటేమన్నా ఉండాదా నాయనా?"

మా పైవాళ్లను అడిగి చెప్తానని అతను ఫోన్ పెట్టేశాడు.

సారు ఇన్విజిలేషన్‌కి వెళ్లిన పూట మా కరస్పాండెంట్ ధనశేఖర్ గారు నా దగ్గరికి వచ్చారు. "దశాంశాలు వదిలెయ్ పాపా, గొడవ లేకుండా ఉంటాది" అన్నారు. నాకూ విసుగెత్తి ఉంది. టిక్ పెట్టేశాను. తొమ్మిదో తరగతి లెక్కల్లో పదకొండు మంది డీ2లోకి జారిపోయారు. డీ2లో ఉన్నది వాళ్లే.

ఆ తర్వాతే ఆయన అసలు మాట చెప్పారు. డీ2 వచ్చిన పిల్లలను పదికి పంపరు. టీసీ తీసుకుని వేరే బడి చూసుకోమంటారు. అట్లాగైతే పదో తరగతి రిజల్టు నూటికి నూరు వస్తుంది.

సాయంత్రం సారుకు జరిగింది చెప్పాను. తిడతారనుకున్నాను. తిట్టలేదు. మార్కుల జాబితా అచ్చు తీయించుకుని ఇంటికి పట్టుకుపోయారు.

మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని కరస్పాండెంట్ గది తలుపు తట్టారు.

"ఫ్లెక్సీ కొట్టించేసినారా సార్?"

"ఈరోజే ఇస్తా ఉండాను. ఏ1లు ముప్పై ఒకటి. బస్టాండులో పెద్దదే కట్టిస్తా."

"పందొమ్మిది సార్."

"ఏంది పందొమ్మిది?"

"తొంభైన్నర దాటినోళ్లు పన్నెండు మంది ఉండారు. దశాంశం వదిలేస్తే తొంభైకి వచ్చేసినారు. వాళ్లు ఏ2లు ఇప్పుడు."

ధనశేఖర్ గారు లేచి నిలబడ్డారు. "ఏమప్పా జయరావూ, ఈ మాట నిన్న చెప్పకూడదా! పైకి పంపించు వాళ్లను!"

"పంపిస్తే అందరినీ పంపాల సార్. రూలు పైన ఒకటి, కింద ఒకటి ఉండకూడదు. అర దాటితే పైకి. ఇంకా కింద మిగిలినోళ్లకు జూన్‌లో మళ్లీ పరీక్ష."

ఫ్లెక్సీ ముందు ఏ షరతయినా చిన్నదే. ఆయన ఒప్పుకున్నారు.

ఐదుగురు గట్టెక్కారు. ఆరుగురు మిగిలారు. వాళ్లలో ధరణి అనే పిల్ల ఉంది. 34.2. నాకు ప్రాణం ఉసూరుమంది. "సార్, అర మార్కు యాడన్నా కలపండి" అని బతిమాలాను.

"కలపను. లేని మార్కు ఇస్తే పదిలో ఆ పాపకు ఏం మిగులుతాదమ్మా?" అన్నారు. "ఆదివారం చర్చి అయినాక నీ బండి మీద నన్ను వాళ్లింటికి తీసకపో."

ధరణి వాళ్లమ్మ కుప్పమ్మ ఒక కంపెనీ క్యాంటీన్లో పాత్రలు కడుగుతుంది. మమ్మల్ని చూసి కంగారుగా చాప పరిచింది. "చదువొచ్చే పిల్లోళ్లుండారు, రానోళ్లుండారు సార్. ఇది రాని బ్యాచి. టీసీ ఇచ్చేయండి, నాతో పనికి తీసకపోతా" అంది.

ధరణి గోడకు ఆనుకుని నేల చూస్తోంది. సారు చాప మీద కూర్చుని మెల్లగా అడిగారు.

"వచ్చేదానికీ రానిదానికీ నడుమ నువ్వు యాడ ఉండావు పాపా?"

నాకు నవ్వొచ్చింది. ఆ పిల్ల మాత్రం తలెత్తింది.

"ప్లస్సులు వస్తాయి సార్. మైనస్‌లోంచి మైనస్ తీయమంటేనే రాదు. ఏడో తరగతిలో కామెర్లొచ్చి నెల రోజులు బడికి రాలా. అప్పుడు చెప్పేసినారంట."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"అర్థమైందా కాలేదా అనే అడుగుతారు సార్. కాలేదంటే కొడతారని అయిందనేదాన్ని."

నా నవ్వు ఆగిపోయింది. ఆ ప్రశ్న తరగతిలో రోజూ నేనూ అట్లాగే అడుగుతాను. ఇన్నేళ్లూ స్టాఫ్ రూములో అందరం ఈయన్ను చూసి నవ్వుకున్నాం. ఆయన మాత్రం తరగతిలో ఏ పిల్లను ఏ మెట్టు మీద వదిలేశామో వెతుకుతూ ఉన్నారు.

మే నెలంతా ఆరుగురికీ పొద్దున్నే ఏడో తరగతి పుస్తకం నుంచి మొదలుపెట్టి లెక్కలు చెప్పారు. జూన్‌లో పరీక్ష జరిగింది. ఆరుగురూ గట్టెక్కారు. ధరణికి నలభై ఒకటి, సీ2. నేనే కంప్యూటర్లో ఎక్కించాను.

మర్నాడు ధరణి జవాబు పేపరు పట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చింది. గడప దగ్గరే నిలబడి, "సార్, టోటల్ తప్పు" అంది.

"తక్కువేసినానా?"

"ఒకటి ఎక్కువేసినారు సార్. మూడుసార్లు కూడినా. నలభయ్యే వస్తా ఉండాది."

సారు కళ్లజోడు పెట్టుకుని వేళ్ల మీద కూడారు. మళ్లీ కూడారు. నిజమే, నలభయ్యే. ఆయన ముఖం వెలిగిపోయింది. స్టాఫ్ రూమంతా వినపడేట్టు, "నా లెక్కలో తప్పు పట్టింది సూడండి!" అని అరిచారు.

ఎర్రపెన్నుతో నలభై ఒకటి కొట్టేసి నలభై వేశారు. నేనూ కంప్యూటర్లో నలభై కొట్టాను, సీ2 పోయి డీ1 వచ్చింది. గ్రేడు తగ్గిందని ధరణి ఏమీ బాధపడలేదు. నా కుర్చీ వెనక నిలబడి తెర వైపు వంగి, నేను సరిగ్గా కొట్టానో లేదో చూసుకుని మరీ వెళ్లింది.