మామ కారు, నా గాజులు

మా మామ పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను పరకాలలో మా అమ్మగారింట్లో పసిదానికి నీళ్లు పోస్తున్నాను. వరంగల్ నుంచి వచ్చిన మనిషి వాకిట్లోనే నిలబడి, "మీ మామ కారు తుడుసుకుంట తుడుసుకుంట ఒరిగిండమ్మా" అన్నాడు. అప్పటినుంచి ఒంట్లో ఏదో అలసట. కూర్చున్నా పడుకున్నా దిగడం లేదు.

మామది పాత విదేశీ కారు. పెళ్లిళ్లకు తిప్పేవాడు. మా ఇంటి అన్నం అదే. దానికి పవర్ స్టీరింగు ఉంది. నూనె ఒత్తిడితో స్టీరింగు చక్రం తేలిగ్గా తిరుగుతుంది. మామకు కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేచేది కాదు. నూనె సరిగ్గా ఉంటే రెండు వేళ్లతో తిప్పేవాడు. తగ్గితే చక్రం రోలులా మొరాయించేది.

అందుకే రోజూ పొద్దున నూనె డబ్బా మూత తీసి చూసేవాడు. ఆ నూనెను తోసే పంపు బెల్టును బొటనవేలితో నొక్కేవాడు. మూత తుడవడానికి నా పాత చీర పీలిక అడిగేవాడు. "కొత్త గుడ్డ పోగులిడుస్తది బిడ్డా. ఉతికి ఉతికి అలిసిన గుడ్డనే మంచిది."

నేను కాపురానికి వచ్చిన కొత్తలో నూనె గొట్టం పగిలింది. కొత్తది వేశాక లోపల చిక్కిన గాలి పోవాలి. ఒకరు చక్రాన్ని ఈ చివరినుంచి ఆ చివరికి మెల్లగా తిప్పాలి, ఇంకొకరు నూనె పోస్తూ బుడగలు చూడాలి. మా ఆయన, "ఇగ సాలు బాపూ, అమ్మేద్దాం" అని మిల్లుకు వెళ్లిపోయాడు. మామ నన్ను పిలిచాడు.

"కోడలు మామ ముంగట బండిల కూసుంటదా? నలుగురు నవ్వరా?" అంది అత్త.

"బండిలనే గదనే కూసుండేది, నా నెత్తి మీద గాదు గద!"

బోనెట్ చాటున ఆయన నాకు కనిపించడు. చక్రం చివరికొచ్చినా, కొత్త కోడల్ని, మామకు కేకేసి చెప్పలేకపోయాను. "నోరు రాకుంటె గాజులున్నయ్ గద బిడ్డా. రేకు మీద జర తాటియ్యి" అన్నాడు. తాటించాను. "ఆఖరుకు తిప్పి పట్టుకోకు. జర ఎనక్కియ్యి. పంపు ఏడుస్తాంది."

ఇంట్లో అత్తా, మా ఆయనా పంతం పట్టినా అదే మాట అనేవాడు. "జర ఎనక్కియ్యుండ్రి."

దినాలు అయిపోయాయి. మడికొండలో ఒక పిల్ల పెళ్లికి కారు పంపుతానని మామ మాటిచ్చి పోయాడు. "ఈ పెండ్లి కాంగనే అమ్ముడే" అంటూ మా ఆయన కారు తీయబోయాడు. చక్రం కదల్లేదు. డబ్బాలో నూనె అడుగంటింది. రోజూ చూసే మనిషి లేడు కదా.

నేను చీర పీలిక, నూనె తెచ్చి బోనెట్ దగ్గర నిలబడ్డాను. ఆయన నన్ను వింతగా చూసి లోపల కూర్చున్నాడు. ఇంజను నడుస్తుంటే ఎర్రటి నూనెలో నురగ పొంగింది. ఆయన చక్రాన్ని చివరికంటా తిప్పి బిగబట్టాడు. పంపు కుయ్యిమంది. నేను గాజులు రేకుకు తాటించాను. ఆయనకు అర్థం కాలేదు. మళ్లీ తాటించాను.

గడపలో కూర్చున్న అత్త, బోసి చేతులు కొంగులో దాచుకుని, "ఎనక్కియ్యిరా. పంపు ఏడుస్తాంది" అంది.

ఆయన వదిలాడు. మట్టిలో చక్రాలు మెత్తగా పక్కకు తిరిగాయి. ఒక్కో బుడగే పైకొచ్చి పగులుతుంటే, నేను నూనె పోస్తూ నిలబడ్డాను.