ఆవిరి పట్టిన అనుములు

మా అవ్వకు దేవుడి మీద ఎంత నమ్మకం ఉండేదో చెప్పలేను గానీ, విత్తనాల కుండ మీద మాత్రం గట్టి నమ్మకం. పెనుకొండ దగ్గర మాకున్న మెట్ట చేలో శెనక్కాయ సాళ్ళ మధ్య అనుములు వేసేవాళ్ళం. పచ్చికాయ వచ్చిన చలికాలమంతా గింజలు నానబెట్టడం, తోలు పితకడం, పులుసు పెట్టడం. అయినా చేను నడుమ ఉన్న రెండు సాళ్ళ జోలికి ఎవరూ పోకూడదు. అవి విత్తనానికి. ఆ కాయలు చెట్టు మీదే ఎండాలి. నాకేమో ఆ రెండు సాళ్ళ కాయలే అన్నిటికంటే రుచిగా కనబడేవి.

ఎండిన కాయలు కొట్టి, గింజలను మళ్ళీ ఎండలో పోసి, బూడిద కలిపి, కుండకెత్తి, మూతికి పేడ మెత్తేది అవ్వ. ఆ విత్తనం ఊళ్ళో ఎవరికీ పిడికెడు కూడా ఇచ్చేది కాదు. ఇస్తే ఇంటి లక్ష్మి పోతుందనేది. మా ఇంట్లో లక్ష్మి ఉన్న దాఖలాలు నాకైతే ఎప్పుడూ కనబడలేదు.

అరవైలలో ఒక ఏడు కోతల వేళ ముసురు పట్టింది. గింజ సరిగా ఎండకముందే నాయన తొందరపడి కుండ నింపించాడు. చెమ్మ ఉన్న గింజ ఊరుకుంటుందా? వేసవి చివర కుండ తెరిస్తే పురుగులు బిలబిలమంటూ పైకొచ్చాయి. అవ్వ మొహం వాడిపోయింది. సగానికి పైగా గింజ ఇంకా బాగానే ఉంది, ఏరుకుంటే సరిపోయేది. కానీ మా ఖర్మ కొద్దీ ఆ రోజే హిందూపురం నుంచి మా మామ, అంటే అవ్వ అల్లుడు, దిగాడు.

మామది పట్టుగూళ్ళ నుంచి దారం తీసే పని. గూళ్ళకు ఆవిరి పట్టించి లోపలి పురుగును చంపడంలో ఆయనకు తిరుగులేదు.

"ఇంతేనా అత్తా. ఆవిరి పెడితే పురుగు సస్తాది, గూటికేమీ కాదు" అన్నాడు.

"ఇది గూడు కాదప్పా, గింజ" అంది అవ్వ.

"ఏదైనా ఒగటే."

అల్లుడి మాట తీసేయడం మర్యాద కాదు. అవ్వ నోరు మూసుకుంది. ఆమె నోరు మూసుకోగా నేను చూసింది ఆ రోజే. మామ గంగాళంలో నీళ్ళు మరిగించి, గింజలను గుడ్డలో కట్టి ఆవిరి పట్టించి, ఆరబోసి, ఒక్క పురుగూ బతకలేదని మీసం దువ్వుకుంటూ బస్సెక్కాడు.

వాన పడింది, విత్తాం. శెనక్కాయ మొలిచింది. అనుముల సాళ్ళు మాత్రం నున్నగా ఉండిపోయాయి. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అంటారు, మా చేలో ఆ మాత్రం కూడా మొలవలేదు. అవ్వ సాళ్ళ మధ్య కూలబడి ఏడ్చింది. అది ఆమె అత్త చేతి నుంచి వచ్చిన విత్తనం, ఇంకెక్కడా దొరకదు. నాకూ ఏడుపొచ్చింది. మామ కనబడితే ఆయనకే ఆవిరి పెట్టాలన్నంత కోపమూ వచ్చింది.

అంతలో పక్కచేను ఆమె చిన్న మూటతో గట్టు దాటి వచ్చింది. మా విత్తనపు సాళ్ళలో చేతివాటం చూపిస్తుందని అవ్వ ఏటా దుమ్మెత్తిపోసే మనిషి.

"నీ అనుములే అక్కా. నీ సాళ్ళలో పెరికిన ఎండుకాయలే ఇత్తనానికి పెట్టుకుంటి. నేను దొంగతనం చేయకపోతే ఈ పొద్దు నీకు ఇత్తనం యాడిది?"

అవ్వ గింజలను అరచేతిలో పోసుకుని ఒక్కొక్కటే తిప్పి చూసింది. ఒక్కదానికీ పుచ్చు లేదు.

"దొంగముండ" అంది నాతో, కళ్ళు తుడుచుకుంటూ. "నాకంటే బాగా దాచిండాది."